బిడ్డకు వినపడడం లేదని తెలిసిన నాడు

ఈ వ్యాసంలో ఏదో ఒక చూర్ణం, ఏదో ఒక తైలం చెప్పి ముగిస్తానని మీరు అనుకోవచ్చును. కాని పుట్టుచెవుడు విషయంలో అట్టి తైలమేదీ లేదు. లేదని చెప్పడానికి జంకినందువలన ఒక బిడ్డకు నేను చేసిన నష్టంతోనే ఈ విషయాన్ని ఆరంభించవలసి ఉన్నది.

1992లో ఒక వేసవి ఉదయం, ఏడాదిన్నర పాపను ఎత్తుకొని ఒక తల్లి మా వైద్యశాలకు వచ్చింది. "అయ్యా, తోటి పిల్లలంతా అత్తా, తాతా అంటున్నారు. ఇది నోరు విప్పడం లేదు. మీరు చేయి వేస్తే నయమవుతుందన్నారు" అన్నది. పాప వెనుక నిలిచి చప్పట్లు కొట్టాను. తిరిగి చూడలేదు. ఇత్తడి గంట మ్రోగించాను. అప్పుడూ చూడలేదు. విషయం నాకు ఆ క్షణమే అర్థమైనది. కాని ఆ తల్లి ముఖం చూచి నోరు రాలేదు. ఆశ కలిగించడం వైద్యుని ధర్మమని నాకు నేనే సర్దిచెప్పుకొని, బిల్వతైలంతో కర్ణపూరణం, లోనికి సారస్వత ఘృతం నిర్ణయించాను.

రెండేళ్లు గడిచినవి. ప్రతి పక్షానికి ఒకసారి నాలుగు క్రోసులు నడిచి ఆమె వచ్చేది. మందులకూ ప్రయాణాలకూ ఇంటి పాడిగేదెను అమ్ముకున్నారని తరువాత తెలిసింది. చివరకు ఎవరో చెప్పగా పట్నం తీసుకొనివెళ్లి పరీక్ష చేయించారు. రెండు చెవులలోనూ తీవ్రమైన వినికిడి లోపమనీ, యంత్రం పెట్టవలసిన కాలం రెండేళ్ల క్రితమే వచ్చిందనీ అక్కడ చెప్పారు. ఆమె తిరిగి వచ్చి నాపై కోపగించుకోలేదు. "మీరు ముందే చెప్పి ఉంటే బాగుండేదయ్యా" అని మాత్రం అన్నది. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట నన్ను విడువలేదు.

శాస్త్రం ముందే చెప్పినది

శబ్దం ఆకాశ మహాభూతం యొక్క గుణం. దానిని గ్రహించేది శ్రోత్రేంద్రియం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో కర్ణరోగాలు 28గా వివరించబడినవి. వాటిలో బాధిర్యం ఒకటి. వాతం తాను ఒక్కటిగా గాని, కఫంతో కూడి గాని శబ్దాన్ని మోసే మార్గాన్ని ఆవరించి నిలిచినప్పుడు బాధిర్యం కలుగుతుందని దాని సంప్రాప్తి. దీనికి చికిత్సగా తైలాలు చెప్పబడిన మాట నిజమే. అయితే బాల్యంలో కలిగినదీ, వార్ధక్యంలో కలిగినదీ, చిరకాలంగా ఉన్నదీ అయిన బాధిర్యం చికిత్సకు వర్జింపదగినదని మన గ్రంథకర్తలే హెచ్చరించారు. నేను ఈ భాగాన్ని గురువుగారి ఎదుట కూర్చొని కంఠస్థం చేసినవాడనే. సాధ్యమేదో అసాధ్యమేదో తెలిసి చికిత్సకు పూనుకొనవలెనని చరకుడు నొక్కి చెప్పినదీ చదివినవాడనే. చదివినది ఆచరించడానికి ధైర్యం చాలలేదు.

నేటి శరీర విజ్ఞానం దీనినే మరింత విపులంగా చెబుతున్నది. చెవి గొట్టం చివర కర్ణభేరి ఉన్నది. దాని వెనుక మూడు చిన్న ఎముకలు, ఆ వెనుక నత్తగుల్లవలె సుమారు రెండున్నర చుట్లు తిరిగిన లోపలి చెవి ఉన్నవి. ఆ నత్తగుల్లలో ఇంచుమించు 15,000 సూక్ష్మ రోమకణాలు శబ్దాన్ని నాడికి అందిస్తాయి. పుట్టుకతో వచ్చే తీవ్రమైన చెవుడులో అధికభాగం లోపం ఇక్కడనే. మానవులలో ఈ కణాలు ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు. మనం చెవిలో పోసే తైలం కర్ణభేరి దగ్గరనే ఆగిపోతుంది. అది ఎంత శ్రేష్ఠమైనదైనా చేరవలసిన చోటికి చేరదు.

గులిమి గట్టిపడుట, జలుబు వలన కర్ణభేరి వెనుక ద్రవం నిలుచుట, చెవి నుండి చీము కారుట వంటి కారణాలతో వినికిడి తగ్గితే అది వేరు. అట్టివి చికిత్సతో చక్కబడవచ్చును. అందువలననే మొదట కావలసినది పరీక్ష. మందు ఆ తరువాతి మాట.

వస కొమ్ము, నాలుక క్రింది నరం

మన ఇండ్లలో పసిబిడ్డకు వస కొమ్ము అరగదీసి నాకించుట అనాదిగా ఉన్న ఆచారం. గలగల మాట్లాడే పిల్లలను చూచి "చిన్నప్పుడు వస ఎక్కువ పోశారు" అని నవ్వుకుంటాం. వస మేధ్యద్రవ్యమని శాస్త్రం చెప్పినది. కాని వినికిడి లేని బిడ్డకు వస వలన మాట రాదు. మాట అనేది విన్నదానిని తిరిగి పలుకుట. వినని శబ్దాన్ని ఏ కంఠమూ అనుకరించలేదు. పైపెచ్చు వస మోతాదు మించితే వాంతులు కలుగుతాయి. మాట రాలేదన్న ఆత్రుతతో రోజూ వస పోయుట తగదు.

నాలుక క్రింద నరం కోయించుట, తాయెత్తు కట్టుట, చెవిలో ఆకుపసరు పిండుట కూడా ఇట్టివే. ఈ బిడ్డలలో అత్యధికుల నాలుక, కంఠం నిక్షేపంగా ఉంటాయి. "మూగ" అని మనం పెట్టిన పేరే తప్పు. ఆ బిడ్డ మూగ కాదు, వినపడని బిడ్డ. ఈ భేదం తెలిసిననాడు తల్లిదండ్రులు చికిత్స కోసం నోటివైపు కాక చెవివైపు చూస్తారు.

ఎప్పుడు అనుమానించవలెను?

పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడవలెను. మూడు నెలలకు తల్లి గొంతు వినగానే ఏడుపు తగ్గించి ఆలకించవలెను. ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తల తిప్పవలెను. ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడవలెను, ఒకటి రెండు మాటలు పలకవలెను. వీటిలో ఏది లోపించినా పరీక్ష చేయించవలసినదే.

ఇక్కడ తల్లిదండ్రులు మోసపోయే సందర్భాలు రెండు ఉన్నవి. మొదటిది, వినపడని పసికందు కూడా మొదటి నెలలలో "ఉంగా ఉంగా" అంటుంది, ఏడుస్తుంది, నవ్వుతుంది. ఆ పలుకులు తరువాతి నెలలలో క్రమంగా సన్నగిల్లుతాయి. రెండవది, ఇంటిలోని వారు చేసే పరీక్ష. పళ్లెం నేలపై పడవేస్తారు, తలుపు ధడాలున వేస్తారు. బిడ్డ తిరిగి చూస్తుంది. "వినపడుతోంది, భయం లేదు" అని అందరూ ఊరట చెందుతారు. నిజానికి బిడ్డ గ్రహించినది నేల అదురును, గాలి విసురును, మనిషి నీడను. ఇంటి పరీక్షలో తేలినది నమ్మదగినది కాదు.

"వాళ్ల తాతకు నాలుగేళ్లకు గాని మాట రాలేదు, మగపిల్లలకు ఆలస్యమే" అని పెద్దలు చెప్పే మాటతో ఎందరు బిడ్డల కాలం హరించుకుపోయినదో! నేడు పసికందు నిద్రపోతుండగానే నొప్పి లేకుండా వినికిడి పరీక్ష చేయవచ్చును. చెవిలో చిన్న గొట్టం ఉంచి చేసే ఓఏఈ పరీక్ష మొదటిది. తలపై తీగలు అంటించి శ్రవణనాడి స్పందనను నమోదు చేసే బెరా పరీక్ష రెండవది. ఒక నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్సారంభం జరగవలెనని నిపుణుల నియమం. ఆలస్యమైనవారు నిరాశ చెందనవసరం లేదు. తెలిసిన రోజునే మొదలుపెట్టవలెను.

తల్లి తప్పు కాదు

గ్రహణం వేళ బయటకు వచ్చినందుకనీ, నెల తప్పినప్పుడు పథ్యం పాటించనందుకనీ కోడలిని నిందించే అత్తవారిని నేను చూచితిని. ఇది అన్యాయం. ప్రతి 1,000 మంది శిశువులలో ఒకరి నుండి ముగ్గురు వరకు వినికిడి లోపంతో పుడతారు. వారిలో ఎక్కువమంది తల్లిదండ్రులు చక్కగా వినగలవారే. లోపించిన జన్యువు తల్లిలోనూ తండ్రిలోనూ ఒక్కొక్కటి గుప్తంగా ఉండి, రెండూ బిడ్డలో కలిసినప్పుడు చెవుడు బయటపడుతుంది. కనెక్సిన్ 26 అనే మాంసకృత్తుకు సంబంధించిన జన్యువు వీటిలో ముఖ్యమైనది. ఇందులో తల్లికి ఎంత భాగమో తండ్రికీ అంతే.

మన తెలుగునాట మేనరికాలు ఎక్కువ. ఒకే వంశంలోని ఇరువురు కలిసినప్పుడు ఒకే గుప్తలోపం ఇరువురిలో ఉండే అవకాశం హెచ్చుతుంది. వంశంలో చెవుడు ఉన్నవారు వివాహానికి ముందు గాని, తరువాతి కాన్పుకు ముందు గాని జన్యు వైద్యుల సలహా పొందుట వివేకం. జరిగిపోయిన వివాహాన్ని తప్పుపట్టుట వలన ఎవరికీ మేలు లేదు.

నివారింపదగిన కారణాలూ ఉన్నవి. గర్భిణికి రుబెల్లా జ్వరం సోకుట, నెలలు నిండకుండా పుట్టుట, పుట్టిన బిడ్డకు తీవ్రమైన పసరికలు, మెదడుపొర వాపు, జెంటామైసిన్ వంటి కొన్ని మందులు చెవికి హాని చేయుట వీటిలో ముఖ్యమైనవి. బాల్యంలోని వినికిడి లోపంలో 60 శాతం నివారింపదగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో 2017లో పిల్లలకు తట్టు-రుబెల్లా టీకా ఉద్యమంగా వేశారు. ఆ టీకా వేయించుట వలన నేటి బాలికలు రేపు తల్లులైనప్పుడు వారి బిడ్డల చెవులకు రక్షణ. టీకా వద్దని చెప్పే వైద్యుడెవరైనా, నా తోటి ఆయుర్వేదీయుడైనా సరే, ఆ మాట వినవలదు.

యంత్రం, శస్త్రచికిత్స

శబ్దాన్ని పెద్దది చేసి చెవికి అందించే యంత్రం మొదటి సాధనం. కొంత వినికిడి మిగిలి ఉన్న బిడ్డలకు ఇది ఎంతో ఉపకరిస్తుంది. యంత్రంతో ప్రయోజనం పొందలేని తీవ్రమైన చెవుడుకు కాక్లియర్ ఇంప్లాంట్ అనే శస్త్రచికిత్స ఉన్నది. నత్తగుల్లలోనికి సన్నని తీగను పంపి, నశించిన రోమకణాలకు బదులు విద్యుత్ స్పందనలతో నాడిని ప్రేరేపిస్తారు. వయస్సు ఎంత తక్కువైతే ఫలితం అంత మెరుగు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీలో దీనికి చోటు లభించినది. కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకంలోనూ ఆదాయ, వయో నియమాలకు లోబడి సహాయం కలదు.

ఒక మాట స్పష్టం చేయవలెను. శస్త్రచికిత్స జరిగిన మరునాడే బిడ్డ మాట్లాడదు. ఆ బిడ్డకు శబ్దం అప్పుడే పుట్టినది. కుక్క అరుపేదో, అమ్మ పిలుపేదో నేర్పవలెను. నెలల తరబడి, ఏండ్ల తరబడి వాక్ శిక్షణ ఇప్పించవలెను. యంత్రభాగాల మరమ్మత్తులకూ బ్యాటరీలకూ ఖర్చు ఉంటుంది. ఇవన్నీ ముందుగా అడిగి తెలుసుకొని నిర్ణయించుకొనవలెను. మరొక విషయం. ఒటోఫెర్లిన్ అనే జన్యువు లోపించిన కొందరు పిల్లలకు జన్యుచికిత్స వలన వినికిడి కలిగినట్లు 2024లో వైద్యులు ప్రకటించారు. అది అరుదైన ఒక రకపు చెవుడుకు మాత్రమే. దానికోసం వేచి ఉండి నేటి అవకాశాన్ని వదులుకొనరాదు.

మన ప్రాంతంలో ఎక్కడికి వెళ్లవలెనని అడిగేవారికి: సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కలదు. మైసూరులో 1965లో స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ కలదు. 2013లో ఆరంభమైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుచెవుడు చేర్చబడినందున, మీ ఊరి అంగన్‌వాడీలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో అడిగితే జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు.

చేతుల భాష

యంత్రం పెట్టినా పెట్టకున్నా బిడ్డకు భాష కావలెను. మొదటి కొన్ని సంవత్సరాలలో ఏదో ఒక భాష పూర్తిగా అందని బిడ్డకు తరువాత చదువూ ఆలోచనా రెండూ కష్టమవుతాయి. చెవుడు వలన కలిగే నష్టం కంటె భాష లేకపోవుట వలన కలిగే నష్టమే పెద్దది.

"చేతులతో మాట్లాడితే నోటిమాట రాకుండా పోతుంది" అని పలువురు తల్లిదండ్రులు భయపడతారు. ఇది అపోహ. ఒక భాష బాగుగా వచ్చిన బిడ్డకు రెండవ భాష నేర్చుట తేలిక. కూచిపూడి నర్తకి చేతి ముద్రలో పద్మాన్నీ పక్షినీ దర్శించి ఆనందించే మనం, మన బిడ్డ చేతిలోని మాటకు సిగ్గుపడుట ఏమి న్యాయం? సంజ్ఞా భాష కేవలం సైగల కట్ట కాదు, నృత్యముద్రల వంటిదీ కాదు. దానికి తనదైన వ్యాకరణం ఉన్నది. హాస్యం, కోపం, కథ, గణితం అన్నీ అందులో చెప్పవచ్చును. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడినది. 2018లో అది 3,000 పదాల నిఘంటువును విడుదల చేసినది. 2021 నాటికి అది 10,000 పదాలకు పెరిగినది. ఇంటిలోని అందరూ, ముఖ్యంగా తాతలు అమ్మమ్మలు నానమ్మలు, రోజుకు రెండు సంజ్ఞలు నేర్చినా ఏడాదికి ఏడువందలు దాటుతాయి.

ఇంటిలో పాటించదగినవి

1. మాట్లాడేటప్పుడు బిడ్డ కన్నుల ఎత్తుకు వంగవలెను. మీ ముఖంపై వెలుతురు పడవలెను. కిటికీకి వీపు పెట్టి నిలిస్తే మీ పెదవులు బిడ్డకు కనపడవు.

2. దూరం నుండి అరవరాదు. దగ్గరకు వెళ్లి భుజం తట్టి, చూచిన తరువాత మాట మొదలుపెట్టవలెను.

3. వంట చేస్తున్నా, స్నానం చేయిస్తున్నా చేస్తున్న పనిని చెబుతూ ఉండవలెను. వినే బిడ్డకు వేలసార్లు అప్రయత్నంగా చెవిన పడే మాటను, ఈ బిడ్డకు మనం ప్రయత్నపూర్వకంగా అందించవలెను.

4. భోజనాల వేళ అందరూ నవ్వుతారు. బిడ్డ "ఎందుకు?" అని అడుగుతుంది. "ఏమీ లేదులే, తరువాత చెబుతా" అంటాం. ఆ తరువాత ఎన్నడూ రాదు. ఈ ఒక్క మాట ఆ బిడ్డను తన ఇంటిలోనే పరాయిని చేస్తుంది. చిన్న విషయమైనా సరే అప్పుడే చెప్పవలెను.

5. తప్పు చేస్తే ఇతర పిల్లలవలెనే మందలించవలెను. జాలితో విడిచిపెట్టిన బిడ్డ మొండిదవుతుంది.

6. "చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు" వంటి సామెతలు ఆ ఇంట వాడరాదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వాటిని నేర్చి ప్రయోగిస్తారు.

ఆయుర్వేదం చేయదగినది

చెవుడును మాన్పలేకున్నా మిగిలి ఉన్న వినికిడిని కాపాడుటలో మన శాస్త్రానికి పని ఉన్నది. జలుబు తరచుగా వచ్చే బిడ్డకు చెవి లోపల ద్రవం చేరి, ఉన్న కొద్దిపాటి వినికిడి కూడా తగ్గుతుంది. కనుక కఫం పెంచే చల్లని పానీయాలు, రాత్రివేళ పెరుగు మానిపించవలెను. ఏడాది నిండిన బిడ్డకు అర చెంచా తులసిరసం తేనెతో ఇవ్వవచ్చును. ఏడాది లోపు బిడ్డకు తేనె ఇవ్వరాదు. పాలు పట్టేటప్పుడు తల ఎత్తుగా ఉంచవలెను. వెల్లకిలా పరుండబెట్టి సీసాతో పాలు పట్టిన బిడ్డకు అవి చెవి మార్గానికి చేరి వాపు కలిగించవచ్చును.

నలుగు పెట్టి స్నానం చేయించిన తరువాత పసిబిడ్డ చెవిలో నూనె చుక్కలు వేయుట మన ఇండ్లలో అలవాటు. చీము కారే చెవిలో, కర్ణభేరికి రంధ్రం పడిన చెవిలో నూనె గాని ఆకుపసరు గాని వేయరాదు. శుభ్రమైన పొడి దూది ఒత్తితో వెలుపలి చీమును అద్ది, చెవి వైద్యునికి చూపవలెను.

వినికిడి యంత్రం గల బిడ్డకు తలంటు పోసేటప్పుడు యంత్రం తీసి పొడి డబ్బాలో ఉంచవలెను. చెవి వెనుక జిడ్డు పూర్తిగా తుడిచిన తరువాతనే తిరిగి పెట్టవలెను. నూనె, చెమట ఆ యంత్రానికి శత్రువులు. శస్త్రచికిత్స అయిన బిడ్డ తలపై శస్త్రవైద్యుడు అనుమతించేవరకు మర్దన చేయరాదు.

తల్లిని మరువరాదు. వ్యాధిని పెంచే వాటిలో విషాదమే ప్రధానమని చరకుని నిర్ణయం. రాత్రులు నిద్ర లేక, ఎవరితోనూ చెప్పుకోలేక కృశించే తల్లికి వేళకు భోజనం, గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగనం, అన్నింటికంటె ముందు భర్త తోడు కావలెను. శిక్షణకు బిడ్డను తీసుకొనిపోవుట తల్లి ఒక్కతెకే విడిచిపెట్టరాదు.

ముందున్న దారి

"మేము పోయిన తరువాత దీని గతి ఏమి?" ప్రతి తల్లిదండ్రుల గుండెలో ఉండే ప్రశ్న ఇది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దేశించిన మేరకు లోపం గల పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వోద్యోగాలలో దివ్యాంగులకు కేటాయించిన 4 శాతంలో 1 శాతం బధిరులకూ వినికిడి లోపం గలవారికీ ప్రత్యేకించినది. వైద్యపరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకొనుటలో నామోషీ పడరాదు.

హర్యానాకు చెందిన బధిర మల్లయోధుడు వీరేందర్ సింగ్ పద్మశ్రీ పొందాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదు యువకుడు ధనుష్ శ్రీకాంత్ తుపాకి గురిపోటీలో స్వర్ణం సాధించాడు. అవే క్రీడలలో కర్నూలు యువతి జాఫ్రీన్ షేక్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం పొందినది. 2023లో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సంజ్ఞా భాషా అనువాదకుని సహాయంతో సుప్రీంకోర్టులో వాదించినది. వీరు మనకు గర్వకారణం. అయినను ప్రతి బిడ్డా పతకం తేనవసరం లేదు. వేళకు జీతం, తనదైన గడప, మనసు విప్పి మాట్లాడేందుకు నలుగురు మనుషులు ఉంటే చాలును. ఏ తల్లి అయినా ఏ బిడ్డకైనా కోరుకునేది అదే కదా!

మొదట చెప్పిన పాప సంగతి తెలుపవలెను. ఆలస్యంగానైనా ఆ తల్లి పట్టు విడువలేదు. నాలుగవ ఏట యంత్రం పెట్టించినది. తీవ్రమైన చెవుడు వలన దానితో మాట అంతగా రాలేదు. బధిరుల పాఠశాలలో చేర్చి, అక్కడ బిడ్డతో పాటు తానూ చేతిభాష నేర్చినది. అక్షరం రాని ఆ ఇల్లాలు కూతురికోసం పలకపై అ ఆలు దిద్దినది. కూతురు పదవ తరగతి దాటినది, ఉద్యోగం సంపాదించినది, తనవంటి యువకునే వివాహమాడినది. పోగొట్టిన రెండేళ్లు నేను తిరిగి ఇవ్వలేనివి. వాటిని ఆ తల్లి తన రెక్కల కష్టంతో పూడ్చినది.

గత సంవత్సరం ఆమె తన ఏడేళ్ల కొడుకును దగ్గుకు మందు కోసం నా వద్దకు తీసుకొనివచ్చినది. వాడికి వినికిడి ఉన్నది. నేను చూర్ణం పొట్లం కట్టి ఇచ్చాను. ఆమె చేతులు కదిలించినది. "తాతగారూ, మందు తేనెతోనా, నీళ్లతోనా అని అమ్మ అడుగుతోంది" అన్నాడు పిల్లవాడు. తేనెతో అన్నాను. తేనెకు సంజ్ఞ ఏమిటని వాడిని అడిగాను. వాడు చూపాడు. నేను అట్లే ఆమెవైపు తిరిగి చేశాను. వేలు సరిగా వంచలేదు కాబోలు, ఆమె నవ్వి, నా చేయి పట్టుకొని సరిదిద్దినది.

నేడు నా వద్దకు మాట రాని బిడ్డను ఎవరు తెచ్చినా మొదట కాగితంపై వినికిడి పరీక్ష కేంద్రం పేరు వ్రాసి ఇస్తాను. మందు అడిగితే "ముందు ఇక్కడికి వెళ్లి రండి" అంటాను. కొందరు అసంతృప్తితో వెళతారు. పోనిమ్ము. మీ ఇంటిలో గాని, మీ వీధిలో గాని పిలిస్తే పలుకని పసిబిడ్డ ఉంటే మీరు కూడా ఆ తల్లికి ఈ మాటే చెప్పండి. వచ్చే నెల అని వాయిదా వేయక, ఈ వారమే వెళ్లమనండి.